పదకొండో గడి

పదకొండో గడి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

మార్చి నుంచి ఈ ప్రశ్నను విద్యుత్ కంపెనీకి నాలుగు ఉత్తరాల్లో రాశాను. ఆరుసార్లు ఫోనులో అడిగాను. ప్రశ్న చిన్నది, ఒక్క వాక్యంలో జవాబు చెప్పవచ్చు. నలభై ఏళ్ళు హైస్కూలులో రసాయనశాస్త్రం బోధించినదాన్ని. తెలియనప్పుడు ‘తెలియదు’ అనడం కూడా మర్యాదగల జవాబేనని పిల్లలకు చెప్పేదాన్ని. కంపెనీ నుంచి ఆపాటి జవాబు కూడా రాలేదు.

గడి అంటే ఏమిటో మా తమ్ముడు మర్డో నాకు బల్లమీద వేళ్ళతో కొట్టి నేర్పాడు. పట్నంలోని పాత విద్యుత్ బోర్డులో, సంకేతాల గదిలో, అతను ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాడు. చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే, భూమికి దక్షిణపు కొసనున్న మా సౌత్‌లాండ్ జిల్లా మొత్తం ఒక్కసారిగా పొయ్యిలు, హీటర్లు, దీపాలు వెలిగిస్తుంది. తీగలు అంత భారం మోయలేవు. అప్పుడు మర్డో ఒక మీట నొక్కేవాడు. ఇళ్ళకు వెళ్ళే తీగల్లోనే, కరెంటుతో పాటే, ఒక సన్నని గురగుర బయలుదేరేది. ప్రతి ఇంటి స్విచ్‌బోర్డులోనూ సబ్బుబిళ్ళంత రిలే ఒకటి కూర్చుని ఆ గురగుర కోసం చెవి ఒగ్గి ఉంటుంది. మొదట ఒక దీర్ఘమైన మోత. ఆ తరువాత వరసగా గడులు, ఒక్కొక్కటి సెకను కంటె కొద్దిగా ఎక్కువ. మీ గడిలో మోత వస్తే మీ రిలే టక్కుమంటుంది. మీ వేణ్ణీళ్ళ ట్యాంకుకు కరెంటు ఆగిపోతుంది. మీ గడి నిశ్శబ్దంగా దాటిపోతే మీకేమీ కాదు. రద్దీ తగ్గాక మరొక సంకేతం, మరొక టక్కు. ట్యాంకులో నీళ్ళు అప్పటికింకా వేడిగానే ఉంటాయి గనుక చాలామందికి జరిగిన సంగతే తెలియదు.

మంచి ఏర్పాటు. నా కోపం దానిమీద కాదు.

“సగం జిల్లా నన్ను తిట్టుకుంటూ చన్నీళ్ళు పోసుకుందే అక్కా. అంతకన్నా పేరేం కావాలి మనిషికి?” అనేవాడు మర్డో.

అతనికి డెబ్భై ఒకటి, నాకు డెబ్భై ఆరు. రెండేళ్ళ కిందట అతని ఊపిరితిత్తులు గట్టిపడడం మొదలైంది. నిరుటి నుంచి ఆక్సిజన్ యంత్రం కావలసివచ్చింది. గదిలోని గాలినే పీల్చి, వడకట్టి, ముక్కులోకి పంపే యంత్రం అది. గోడలోని కరెంటుతో నడుస్తుంది. గొట్టం తీసేస్తే పది నిమిషాల్లో అతని గోళ్ళు నల్లబడతాయి. ఇరవై నిమిషాల తరువాత ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, మేము అడగలేదు.

నేను పాత ఇంట్లో ఉంటాను. మర్డో ఉండేది పెరటి అవతల, ముప్పై అయిదు అడుగుల దూరంలో, ఒకప్పుడు మా నాన్న ఆవులకు పాలు పితికిన కొట్టంలో. ఆవులు పోయి ఇరవై ఏళ్ళయింది. చలి ఆగేందుకు గోడలకు దూది పరుపులు కొట్టించి, కిటికీలు పెట్టించి, రెండు గదులు చేసుకున్నాడు. పాలయంత్రాల తీగ ఎప్పుడో తుప్పుపట్టిపోయింది. మిగిలింది నీళ్ళ ట్యాంకుకు వేసిన తీగ ఒక్కటే. ఇప్పుడు అతని దీపం, హీటరు, మా అమ్మ వాయించిన ఎలక్ట్రిక్ ఆర్గన్, ఆక్సిజన్ యంత్రం, అన్నీ ఆ తీగమీదే. ఆ తీగ రిలే గుండా వస్తుంది.

దీన్ని మొదట చూసింది నైరీ. మా పొరుగు పొలం అమ్మాయి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్. మార్చిలో యంత్రానికి కొత్త ప్లగ్గు బిగించడానికి వచ్చి, బోర్డు మూత తీసి అలాగే నిలబడిపోయింది.

“కోరో, ఇదేంటిది?” అంది. ఈ నేలమీది తొలి ప్రజలైన వాళ్ళ మావోరీల ఇళ్ళలో తాత వయసు వాళ్ళను పిలిచే పిలుపు అది; మర్డోకు లోపల ఇష్టమే.

“రిలే. నీకంటే పెద్దది, కాస్త గౌరవమియ్యి.”

“ఊపిరి మిషను తీసుకొచ్చి దీని వెనకాల పెడతావా? సాయంత్రం వాళ్ళు ఆపితే?”

“ఆపరు.”

“ఎవరు చెప్పారు?”

“చెప్పడమేంటి, ఆ రూలు రాసిందే నేను. పదకొండో గడి పాలకొట్టాలది. నీళ్ళు మరక్కపోతే తెల్లారి మిషన్లు కడగలేరు. కడక్కపోతే ఆ పాలు ఫ్యాక్టరీ వాడు పారబోస్తాడు. భూకంపమొచ్చినా పదకొండు ముట్టుకోకూడదని గోడమీద ఎర్రక్షరాలతో అంటించా.”

“ఆ గోడ ఉందా ఇప్పుడు?”

మర్డో నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక నా వైపు తిరిగాడు. “టీచరమ్మా, ఈ పిల్లకు నువ్వైనా చెప్పు.”

“వాడికి తెలుసులే నైరీ,” అన్నాను.

ఆ మూడు మాటలు నావి. వాటిని ఇంకెవరి నెత్తినా పెట్టను.

నైరీ ఒప్పుకోలేదు. ఇంటి నుంచి వేరే తీగ వెయ్యాలి, దానికి పెరడంతా తవ్వాలి, అందాకా ఈ తీగ ప్రమాదమేనని కాగితంమీద రాసి నా చేత సంతకం చేయించుకుంది. రిలే మూతమీద నల్ల రంగుతో ‘ఇది ఊపిరి, ఆపొద్దు’ అని రాసింది. “ఎందుకైనా మంచిది కోరో. అయినా వాళ్ళ కంప్యూటరుకు మూతమీద రాత కనపడుతుందా ఏంటి,” అని తనే ముఖం చిట్లించుకుంది. ఆసుపత్రి వాళ్ళు ఆపదకని ఇచ్చిన ఆక్సిజన్ సిలిండరు మంచం పక్కన పెట్టబోతే మర్డో కేకలేశాడు. “ఆ శవపేటికను నా పక్కన పడుకోబెట్టకండి. అది లోపలికొస్తే నేను బయటికి పోతా.” దానిని ఇంట్లో, బట్టలుతికే గదిలో పెట్టాము. దాని మూత తిప్పే తాళంచెవిని నైరీ దాని మెడకే దారంతో కట్టింది.

ఆ రాత్రే కంపెనీకి మొదటి ఉత్తరం రాశాను. పాత బోర్డును ఆ కంపెనీ కొని పదేళ్ళయింది. జవాబులో, మా చిరునామాను ప్రాణాధార యంత్రాలున్న ఇళ్ళ జాబితాలో చేర్చామనీ, మా సరఫరా ఎప్పటికీ నిలిపివేయబడదనీ ఉంది. పదకొండో గడి ప్రస్తావన లేదు. రెండవ ఉత్తరానికీ ఇదే జవాబు, అక్షరం మారకుండా. మూడవదానికి జవాబు రాలేదు. నాలుగవదానికి, మా అభిప్రాయం వారికి ఎంతో విలువైనదని వచ్చింది.

నేను అభిప్రాయం చెప్పలేదు. ప్రశ్న అడిగాను.

ఆర్గన్‌ను మర్డో ఎప్పుడూ ఆపేవాడు కాదు. దాని పాత స్పీకరులో ఆ గురగుర స్పష్టంగా వినిపిస్తుంది. రోజూ ఐదు గంటలకు నేను టీ తీసుకుని కొట్టంలోకి వెళ్ళేదాన్ని. అతను కుర్చీ చేతిమీద వేళ్ళతో గడులు లెక్కపెడుతూ పైకి చదివేవాడు. “మూడు... ఏడు... అయ్యో ఏడో వాళ్ళు, ఇవాళ్టికి స్నానాలు హుళక్కి. తొమ్మిది.” పది, పదకొండు నిశ్శబ్దంగా దాటిపోయేవి. అప్పుడతను టీ అందుకునేవాడు. అది మా ఇద్దరి సాయంకాలపు వేడుక. విని విని లెక్క నాకూ పట్టుబడింది.

జులైలో, మాకు నడి చలికాలంలో, ఒక సోమవారం, ఆర్గన్ మోగుతుండగా అతని వేళ్ళు గాలిలో ఆగిపోయాయి.

“అది నాది కాదు,” అన్నాడు.

“ఏది?”

“ఆ వరస. మూడు తరువాత నాలుగు మోగింది. నాలుగు వీధిదీపాలదక్కా. ఇప్పుడే కదా వెలిగించారు, ఇప్పుడే ఎందుకు ఆపుతారు?”

కిటికీ తెర తొలగించాను. మా రోడ్డు మలుపులో ఉన్నది ఒక్కటే దీపం. అది వెలుగుతూనే ఉంది. సంకేతం నాలుగును పిలిచింది. నాలుగో గడి దీపం పలకలేదు. అంటే నాలుగు ఇప్పుడు వీధిదీపాలది కాదు. ఎవరో, ఎప్పుడో, గడులన్నిటినీ మళ్ళీ పంచారు. పలకమీది పాత అంకెలు చెరిపి కొత్తవి రాసినట్లు, ఎవరికీ చెప్పకుండా.

ఆ తరువాతి ప్రశ్నను మేమిద్దరం మనసులో ఒకేసారి అడిగాము. మర్డో ముఖంలో రంగు పోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా మొత్తాన్ని ఒక్క మీటతో ఆపిన మనిషి, తన ఊపిరి వచ్చే తీగవైపు, దానిని మొదటిసారి చూస్తున్నట్లు చూశాడు.

“ఇంట్లోకి రా,” అన్నాను.

“రేపొస్తా.”

“ఇప్పుడే రా.”

“ఇప్పుడొస్తే భయపడి వచ్చినట్టుంటుందే. రేపు రాత్రి భోజనానికొస్తా, అలాగే ఉండిపోతా. సరేనా?”

నైరీకి ఫోను చేశాను. ఆమె తీరం దగ్గర చేపల గోదాములో పనిమీద ఉంది. “ఆంటీ, తవ్వకం సంగతి తరువాత. బుధవారం పొద్దున్నే నలభై మీటర్ల తీగ చుట్ట తెస్తా, ఇంట్లోంచి లాగేద్దాం. అప్పటిదాకా ఆ ముసలాయన్ని చెవి పట్టుకుని లాక్కురా,” అంది.

మంగళవారం మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచింది. మూడుకల్లా మంచు అడ్డంగా కురవసాగింది. రేడియోలో, ఈ ఏటికల్లా ఇదే గట్టి చలి అనీ, కరెంటు పొదుపుగా వాడుకోవాలనీ చెప్పారు. జిల్లా అంతా హీటర్లు పెట్టుకునే సాయంత్రం. కంపెనీ దొరికిన ప్రతి గడినీ పిలిచే సాయంత్రం. అది నాకు తెలుసు. మర్డో మాత్రం భోజనం వేళకు తప్ప కదలనన్నాడు. నాలుగుంపావుకు నా ముందు రెండు పనులున్నాయి: సిలిండరును కొట్టానికి చేర్చడం, కంపెనీకి ఫోను చెయ్యడం. ముందు ఫోను, తరువాత సిలిండరు అనుకున్నాను. ఆ క్రమం కూడా నాదే.

ఫోను మా నడవలో ఉంటుంది. అక్కడ కిటికీ లేదు. నాలుగూ ఇరవై ఎనిమిదికి నంబరు కలిపాను. నలభై ఒక్క నిమిషాలు సంగీతం వినిపించారు. పెట్టెయ్యాలని రెండుసార్లు అనుకున్నాను. పెట్టేస్తే మళ్ళీ వరస మొదటికి పోవాలని ఆగాను. ఐదూ తొమ్మిదికి ఒక స్త్రీ గొంతు పలికింది. మర్యాదగల గొంతు.

“చెప్పండి మేడమ్, మీ అడ్రసు చూస్తున్నాను. మీ ఏరియాలో ఎక్కడా కరెంటు పోలేదండి.”

“పోయిందని నేననలేదు. పదకొండో గడిని ఇప్పుడు దేనికి వాడుతున్నారని అడుగుతున్నాను.”

“గడి... అంటే ఏంటండి?”

“మీరు పంపే సంకేతంలో గడి. అది తెలిసినవాళ్ళెవరైనా అక్కడున్నారా?”

“ఒక్క నిమిషం మేడమ్, మా సూపర్‌వైజర్ని—”

అప్పుడు నా నెత్తిమీది ట్యూబులైటు గురగురమంది.

దీర్ఘమైన మోత. నా వేళ్ళు గోడను తట్టడం వాటంతట అవే మొదలుపెట్టాయి. ఒకటి, నిశ్శబ్దం. రెండు, నిశ్శబ్దం. మూడు మోగింది. నాలుగు మోగింది. ఐదు మోగింది, ఐదు మోగగా నేనెన్నడూ వినలేదు. ఆరు. ఏడు. వరసగా మోగుతున్నాయి. ఎవరో ఒక వీధిలో ఇల్లు తరువాత ఇల్లు తలుపు తట్టుకుంటూ మా ఇంటివైపు వస్తున్నట్లుంది. ఎనిమిది. తొమ్మిది.

పది, నిశ్శబ్దం.

ఆ సెకనులో నేను నమ్మాను. తమ్ముడి ఎర్రక్షరాలు ఆ గోడమీద ఇంకా ఉన్నాయనీ, ఎవరో తల పైకెత్తి వాటిని చదివారనీ నమ్మాను.

పదకొండు మోగింది.

“మేడమ్, లైన్లో ఉన్నారా? మీ ఇంట్లో ఇప్పుడు కరెంటు ఉంది కదండీ?”

ట్యూబులైటు నా తలమీద తెల్లగా వెలుగుతోంది. “ఉంది,” అన్నాను. రిసీవరు వదిలేశాను.

సిలిండరు పన్నెండు కిలోలు. నాకు ఎత్తడం చేతకాదు. దానిని బొగ్గుసంచిమీద పడుకోబెట్టి, సంచి చెవులు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగాను. పెరట్లో మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. ముప్పై అయిదు అడుగుల్లో రెండుసార్లు పడ్డాను. రెండవసారి లేవలేదు, మోకాళ్ళమీద పోయాను. కొట్టం కిటికీ నల్లగా ఉంది. వెనక మా వంటింటి దీపం ఏమీ జరగనట్లు వెలుగుతోంది. గాలిలోంచి ఒక సన్నని కీచు వినిపించింది. కరెంటు పోతే యంత్రం తన చిన్న బ్యాటరీతో అరుస్తుంది. అరవగలదు, ఊపిరి ఇవ్వలేదు.

తలుపు తోశాను. “మర్డో!”

ఆర్గన్ మూగబోయింది. చీకట్లో తడుముకుంటూ పోతే నా చేయి అతని భుజానికి తగిలింది. అతను మంచంమీద లేడు. స్విచ్‌బోర్డు కింద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మూత ఊడదీసి ఉంది. చేతిలో వెన్న రాసే కత్తి. రిలే లోపలి నాలుకను దాని పిడితో నొక్కిపట్టాలని చూశాడు. ఎలా నొక్కాలో జిల్లాలో అతనికంటె బాగా తెలిసినవాడు లేడు. నొక్కే బలం లేదు.

కోటు జేబులోని టార్చి వేశాను. పెదవులు పలకరాయి రంగులో ఉన్నాయి. కళ్ళు నన్ను చూశాయి. రెండు చేతుల చూపుడువేళ్ళు ఎత్తి, పక్కపక్కన నిలబెట్టాడు.

ఒకటి. ఒకటి.

“విన్నాను. మాట్లాడకు,” అన్నాను.

తాళంచెవి దారం ముడిపడింది. పళ్ళతో కొరికాను. తిప్పితే తిరగలేదు, ఎదురుగా తిప్పుతున్నానని కొన్ని క్షణాలకు తెలిసింది. ఎన్ని క్షణాలో చెప్పలేను. ఈ కథలో నేను కొలవలేకపోయిన కాలం అదొక్కటే. తరువాత బుస్సుమని గాలి వచ్చింది. గొట్టం అతని ముక్కుకు తగిలించి, అతని తలను నా ఒడిలో పెట్టుకున్నాను.

అతని జేబులోని ఫోనుతో అంబులెన్సును పిలిచాను. రోడ్డుమీద మంచు తొలగించాలి, గంటన్నర పట్టవచ్చు అన్నారు. సిలిండరు ముల్లు సగానికి కొంచెం పైన ఉంది. మార్చి నుంచి దానిని ఎవరూ చూడలేదు. సన్నగా కారుతూనే ఉండి ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున లెక్క వేశాను. గంటా యాభై నిమిషాలు. మళ్ళీ వేశాను. జవాబు మారలేదు. హీటరు చల్లబడి, కిటికీ అద్దం లోపలి వైపు కూడా మంచు పూలు పూయసాగింది. నా శాలువ, దుప్పటి, చివరకు గుమ్మం పట్టా కూడా అతనిమీద కప్పాను. ముల్లు కదలడం కంటికి కనిపించదు. చూపు మరల్చి మళ్ళీ చూస్తే మాత్రం కిందికి దిగి ఉండేది. నా చేతిని అతను వదల్లేదు.

ఒకసారి ఏదో గొణిగాడు. వంగాను.

“నలభై మూడు,” అన్నాడు.

“ఏమిటి నలభై మూడు?”

“కొట్టాలు. పదకొండు మీద.”

ఆరూ యాభై రెండుకు రిలే టక్కుమంది. దీపం వెలిగింది. ఆర్గన్ ఒక్కసారి మూలిగి మామూలైంది. యంత్రం కీచు మాని ఊపిరి పోయసాగింది. గదిలో ఏ వస్తువూ తాను తప్పుచేసినట్లు కనిపించలేదు. ఏడుంపావుకు అంబులెన్సు వచ్చింది.

మర్డో బతికాడు. ఇప్పుడు ఇంట్లో, బొగ్గుపొయ్యి ఎదుటి గదిలో ఉంటున్నాడు. నైరీ ఆ గదికి రిలేతో సంబంధంలేని తీగ వేసింది. వేశాక రెండుసార్లు పరీక్షించి, “ఇంక ఎవడాపుతాడో చూద్దాం కోరో,” అంది. అతను నవ్వలేదు. ఇప్పుడతను అంకెలు పైకి చదవడు. ఐదు కాగానే నా చొక్కా చెయ్యి పట్టుకుంటాడు. ట్యూబులైటు మోగి ఆగేవరకు వదలడు. ఆపదేమీ లేదని అతనికి తెలుసు. తెలియడానికీ నమ్మడానికీ మధ్య ఉన్న ఆధారాన్ని కంపెనీ తీసుకుపోయింది.

నా ఫిర్యాదుకు రాతపూర్వకమైన జవాబు వచ్చింది. ఆ మంగళవారం మా చిరునామాలో సరఫరా అంతరాయం ఏదీ నమోదు కాలేదు. ఐదూ పది నిమిషాలకు, రికార్డయిన సంభాషణలో, ఇంట్లో కరెంటు ఉన్నదని వినియోగదారు స్వయంగా ధ్రువీకరించారు.

ఆ వినియోగదారును నేనే.

నలభై మూడు కొట్టాల పేర్లు మర్డో జ్ఞాపకంనుంచి చెప్పాడు, నేను రాసుకున్నాను. నైరీ, నేను ఇంతవరకు పందొమ్మిదింటికి వెళ్ళాము. కొన్ని కూలిపోయాయి, కొన్నింటిలో గడ్డి ఉంది. అయిదింటిలో మనుషులున్నారు. ఒకచోట, రిలే వెనక, నెలల పసిపాప గదిలోని హీటరు నడుస్తోంది. ఆ తల్లి, “ఒక్కో సాయంత్రం గది ఎందుకో చల్లబడుతోందండి, హీటరు పాడైందేమో అనుకున్నా,” అంది. మిగిలిన ఇరవై నాలుగింటి జాడ మాకు దొరకలేదు. చేతులు మారాయి, గేట్లకు తాళాలున్నాయి, రోడ్ల పేర్లు మార్చారు.

మీరుంటున్న గది ఒకప్పుడు పాలకొట్టమై ఉంటే, లేదా అందులో మునుపు ఏముండేదో మీకు తెలియకపోతే, ఇప్పుడే లేవండి. స్విచ్‌బోర్డు మూత తెరవండి. లోపల రిలే ఉంటే, దాని వెనక ఎవరి ఊపిరి, ఎవరి వెచ్చదనం ఉన్నాయో తెలిసిన మనిషిని పిలిపించి చూపించండి. ఐదు గంటలు కాకముందే చూపించండి. ఆ తరువాత కంపెనీకి ఫోను చేసి పదకొండో గడి ఎవరి చేతిలో ఉందో అడగండి. జవాబు చెప్పేవరకు ఫోను పెట్టకండి. మధ్యలో వాళ్ళు, మీ ఇంట్లో కరెంటు ఉంది కదా అని మర్యాదగా అడుగుతారు.

‘ఉంది’ అనకండి.